నాలుగు డిగ్రీలు

"ఒక్క సంతకానికి ఇంత ఆలోచనా? వారానికి ఇరవయ్యొక్క సంతకాలు చూడకుండా పెట్టినదానివి. ఇది ఇరవై రెండోది అనుకో."

భర్త ఆ మాటతో పాటు కాగితాన్ని కూడా బల్ల మీద ఇంకో జానెడు ఆమె వైపు జరిపాడు. కోడలు దాన్ని ముట్టుకోలేదు. వంటింటి కిటికీలోంచి కింద వీధి కనిపిస్తోంది. రోజూ ఈపాటికి హోటల్ తలుపు తీస్తారని ఇద్దరు ముగ్గురైనా నిలబడి ఉండేవారు. ఇవాళ ఒకాయన వచ్చి, తలుపుకి అంటించిన ఎర్ర అక్షరాల నోటీసు చివరిదాకా చదివి, తలెత్తి పైన ఇంటి కిటికీ వైపు ఓసారి చూసి, ఎదుటి హోటల్లోకి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులుగా ఇదే తంతు.

"చూడకుండా పెట్టింది నిజమే," అంది కోడలు. "ఆ తప్పు కాదనట్లేదు. ఆ ముక్క రాసుకురండి, ఇప్పుడే పెడతాను. ఇందులో మీరేం రాశారు? అంకెలు కూడా నేనే వేశానని రాశారు."

"రెండూ ఒకటే కదా."

"ఎలా ఒకటవుతాయండీ?"

ఒకటి కాదని ఇద్దరికీ తెలుసు. గురువారం మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరమ్మ చెప్పాపెట్టకుండా వచ్చి, పెద్ద ఫ్రిజ్‌లో తన థర్మామీటర్ పెడితే పదకొండు డిగ్రీలు చూపించింది. ఐదు దాటకూడదు. పక్కన గోడకి వేలాడే రిజిస్టరులో మాత్రం పూటకో నాలుగు చొప్పున ముత్యాల్లాంటి అంకెలు. అంతటితో అయితే జరిమానా కట్టుకుని ఊపిరి పీల్చుకునేవాళ్ళు. ఆవిడ పేజీ అడుగుదాకా చూసింది. గురువారం రాత్రి నాలుగు. శుక్రవారం నాలుగు. శనివారం, ఆదివారం కూడా నాలుగే. ఇంకా తెల్లవారని రోజులకి కూడా చల్లదనం రాసేసి ఉంది. ప్రతి అంకె పక్కనా కోడలి సంతకం.

ఇన్‌స్పెక్టరమ్మ నవ్వలేదు, కేకలెయ్యలేదు. పాతిక కిలోల మాంసం మీద, రెండు క్యాన్ల పాల మీద, మళ్ళీ ఎవరూ వాడకుండా నీలిరంగు నీళ్ళు పోయించి పారేయించింది. తలుపుకి నోటీసు అంటించింది. "సోమవారం పదకొండింటికి వస్తాను. ఈ అంకెలు ఎవరు వేశారో రాసి ఉంచండి," అని చెప్పి వెళ్ళిపోయింది. ఇవాళ సోమవారం. గోడగడియారంలో తొమ్మిదిన్నర.

ఖాళీ పేజీ మీద ముందే సంతకాలు పెట్టినందుకు హెచ్చరిక చేస్తారు, ఇంకోసారి పరీక్ష రాయమంటారు. అబద్ధపు అంకెలు వేశానని ఒప్పుకుంటే, ఆహార భద్రత చూసుకునే మనిషిగా కోడలికిచ్చిన సర్టిఫికెట్ రెండేళ్ళు రద్దు.

"రెండేళ్ళంటే ఎంతలో గడిచిపోతాయి చెప్పు," అన్నాడు భర్త, గొంతు తగ్గించి. "అందాకా సర్టిఫికెట్ ఉన్నవాళ్ళని ఎవరినైనా పెట్టుకుందాం. నువ్వు కాస్త రెస్టు తీసుకో."

"నేను రెస్టు అడిగానా?"

"మరేం చెయ్యమంటావ్? నాన్న పేరు రాయమంటావా? ఈ హోటల్‌కి జనం వచ్చేది గోడలు చూసి కాదు, ఆయన చేతివంట చూసి. ఆయనే దొంగరాతలు రాశాడని తెలిస్తే ఇక తలుపు తీసినా ఒకటే, మూసినా ఒకటే."

అత్తగారు గట్టు దగ్గర బీన్స్ తుంచుతోంది. ఇంతసేపూ నోరు మెదపలేదు. ఇప్పుడు బీన్స్ గిన్నెని కాస్త గట్టిగానే కింద పెట్టింది.

"పై భాగం మూసేసి నాలుగు వేసేది ఈ ఇంట్లో ఒక్కరేరా," అంది. "పెళ్ళయిన కొత్తలో నాకు రాసిన మొదటి ఉత్తరం మీద తారీకు కూడా అలాగే వేశారు. ఆ ఇన్‌స్పెక్టరమ్మకి కళ్ళు లేవనుకున్నావా?"

"అమ్మా, నువ్వు ఊరుకో."

"ఊరుకునే ఉన్నా. నాలుగు రోజులై ఊరుకునే ఉన్నా. మీ నాన్నా ఊరుకున్నారు, కోడలూ ఊరుకుంది, నువ్వొక్కడివే వాగుతున్నావ్."

కోడలికి నవ్వు రాబోయి ఆగిపోయింది. ఆ సర్టిఫికెట్ కోసం ఆరు నెలలు సాయంత్రాలు క్లాసుకి వెళ్ళింది. గిన్నెలు తోమిన చేతులతో పుస్తకం పట్టుకుని, బస్సులో చదువుకుని, రెండోసారికి ప్యాసయింది. ఇల్లు మామగారి పేరు మీద, హోటల్ భర్త పేరు మీద. కరెంటు కనెక్షన్ కూడా అత్తగారి పేరు మీదే. ఈ మేడ మొత్తం వెతికినా తన పేరున్న కాగితం అదొక్కటే. పనివాళ్ళు ఆమెని వెనకాల 'రిజిస్టరమ్మ' అంటారని తెలుసు. ఆ మాట వినబడినప్పుడల్లా కోపం నటించేది గానీ లోపల చాలా సంతోషించేది.

"నేను మామయ్యతో మాట్లాడతాను," అని లేచింది.

"ఆయన్ని కదిపావంటే బాగుండదు," అన్నాడు భర్త.

"ఇప్పుడేదో బాగున్నట్టు," అంది అత్తగారు.

* * *

మెట్లు దిగి హోటల్ వెనక తలుపు తీసేసరికి మామగారు అప్పటికే వంటగదిలో ఉన్నాడు. ఆప్రాన్ కట్టుకుని, బల్ల మీద కత్తులు పొడవు ప్రకారం పేరుస్తున్నాడు. వంట లేదు, వండేవాళ్ళు లేరు. పనివాళ్ళని నోటీసు తీసేదాకా రావద్దన్నారు. అయినా మనిషి ఆప్రాన్ కట్టుకున్నాడు. ఆ వెనక ముడి చూడగానే కోడలికి జాలి వేసింది. తగువుకి వచ్చినదానికి జాలి ఏమిటని తనని తనే కసురుకుంది.

"మామయ్యా."

"ఊఁ."

"నా మీద కోపమా?"

"నీ మీదెందుకమ్మా. ఆ డబ్బా మీద." పెద్ద ఫ్రిజ్ వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "ఇరవయ్యేళ్ళుగా ఎన్నడూ ఇలా చెయ్యలేదు. ఆవిడ వచ్చిన గడియలోనే దానికి జ్వరం రావాలా?"

గురువారం నుంచీ ఆయన ఆమెతో మాట్లాడిన మొదటి మాటలివి. కోడలు స్టూలు లాక్కుని కూర్చుంది.

"నాలుగులు మీరే వేశారు కదా."

"వేశాను. నువ్వు కౌంటర్లో తీరిక లేకుండా ఉంటావు. సంతకాలు పెట్టి పేజీ తగిలించి పోయావు. గళ్ళు ఖాళీగా ఉంటే బాగుండవని వేశాను."

"ఆదివారం దాకానా?"

ఆయన కత్తి ఒకటి తీసి, మళ్ళీ అక్కడే పెట్టాడు. "ఎప్పుడూ నాలుగే కదమ్మా ఉండేది."

ఈ మాటలో అబద్ధం లేదు, అదే తంటా. సర్టిఫికెట్ వచ్చిన కొత్తలో కోడలు థర్మామీటర్ పట్టుకుని వంటగదిలోకి వస్తే ఆయన పడీపడీ నవ్వాడు. ఫ్రిజ్ లోపలి గోడకి అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, "నాలుగు," అన్నాడు. థర్మామీటర్ నాలుగే చూపించింది. చిన్న ఫ్రిజ్ దగ్గర "మూడు," అన్నాడు, మూడే. మూడోసారి కావాలని తలుపు కాసేపు తెరిచి ఉంచి అడిగితే "ఆరు. మూసెయ్, మూసెయ్," అన్నాడు. పనివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి థర్మామీటర్ సొరుగులోకి పోయింది. కోడలూ ఎదురు చెప్పలేదు. ముచ్చటపడింది కూడా. వారం మొత్తానికి సోమవారమే సంతకాలు పెట్టేసే అలవాటు అక్కడే పుట్టింది. ఆయన చెయ్యి ఉండగా ఇక దిగులేమిటనుకుంది.

"గురువారం కూడా చెయ్యి పెట్టి చూశారా?"

"రోజూ చూస్తాను."

"మరి పదకొండుంటే నాలుగు అనిపించిందా?"

"ఆవిడ థర్మామీటర్‌లో ఏదో తేడా ఉంది," అని ఒంటికాలి మీద లేచాడు పెద్దాయన. "ముప్పై ఎనిమిదేళ్ళ నుంచి పొయ్యి ముందు నిలబడ్డవాణ్ణి. నాకు చెప్పొచ్చిందా ఆవిడ? ఇదిగో చూడు." విసవిసా వెళ్ళి పెద్ద ఫ్రిజ్ తలుపు తీసి, గోడకి అరచెయ్యి ఆనించాడు. అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు. "నాలుగు. రాసుకో."

కోడలు రాసుకోలేదు.

నిన్న సాయంత్రం మెకానిక్ వచ్చి, కంప్రెసర్ విప్పి పట్టుకుపోయాడు. ఆ ఫ్రిజ్‌కి కరెంటే లేదు. పక్కన చిన్న ఫ్రిజ్ గుర్రుమంటోంది కాబట్టి చప్పుడులో తేడా తెలియదు. ఆయన నిన్నంతా పైనే పడుకుని ఉన్నాడు గనక మెకానిక్ వచ్చిన సంగతీ తెలియదు. గది ఎంత వెచ్చగా ఉందో ఆ గోడా అంతే వెచ్చగా ఉంది.

ఆమె సొరుగులోంచి థర్మామీటర్ తీసి లోపల పెట్టింది. ఇద్దరూ నిలబడి చూశారు. ఇరవై ఆరు దగ్గర ఆగింది.

"మెకానిక్ సామాను పట్టుకెళ్ళాడు మామయ్యా. నిన్నటి నుంచి ఇది నడవట్లేదు."

ఆయన చెయ్యి ఇంకా గోడ మీదే ఉంది. తీసి, అరచెయ్యి ఎవరిదో అయినట్టు చూసుకున్నాడు. ఆ తలుపు మూయాలని కూడా ఇద్దరికీ తోచలేదు.

"ఎప్పట్నించి?" అంది చివరికి.

"చలికాలం నుంచి." గొంతు సరిచేసుకున్నాడు. "మొదట వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. తిమ్మిరనుకున్నాను. తర్వాత అరచేతులు. షుగర్ వల్ల నరాలు పోయాయన్నాడు డాక్టరు. తిరిగి రావన్నాడు."

"అత్తయ్యకి తెలుసా?"

"అన్నం కలుపుకుంటుంటే కనిపెట్టేసింది. ఎవరికీ చెప్పనని మాటిచ్చింది."

అంత మాటకారి అత్తగారు నాలుగు రోజులు ఎందుకు నోరు కట్టుకుందో ఇప్పుడు కోడలికి అర్థమైంది. క్లాసులో చెప్పిన పాఠం ఒకటి గుర్తొచ్చి ఇంకా బెంబేలెత్తింది. చేతికి స్పర్శ లేనివాడు తెగినా తెలుసుకోలేడు, కాలినా తెలుసుకోలేడు. అలాంటివాడు వంటగదిలో కత్తి పట్టకూడదు. ఆ పేజీ చివర 'బాధ్యుడు తెలిసీ దాస్తే' అని ఇంకో వాక్యం ఉంది. ఇక్కడ బాధ్యుడు తనే.

"నేనే వేశానని చెప్తానమ్మా," అన్నాడు పెద్దాయన. "అంకెలు నావే. నువ్వు ఒక్క అబద్ధం కూడా ఆడనక్కర్లేదు. నీ సర్టిఫికెట్ జోలికి ఎవరూ రారు. కానీ ఈ చేతుల సంగతి మాత్రం నీ నోట రాకూడదు. బద్ధకించి చూడకుండా రాశానంటాను, జరిమానా వేసుకోనీ. చేతులు పోయాయంటే నన్ను ఇక్కడ అడుగు పెట్టనివ్వరు. పైన కూర్చుని ఏం చెయ్యను నేను? బీన్స్ తుంచనా?"

"అవి కూడా అత్తయ్య తుంచనివ్వదు," అంది కోడలు. ఆ మాటకి ఆయన నవ్వాడు. కోడలికి మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మాటివ్వు."

"మామయ్యా, రేపు మీకు ఏదైనా అయితే? మీ వల్ల తినేవాళ్ళకి ఏదైనా అయితే?"

"ఇక కత్తి పట్టను. పక్కన నిలబడి చెప్తాను, వాళ్ళు చేస్తారు. నీ మాట వింటాను. ఈ ఒక్కటీ వదిలెయ్యి."

ముప్పై ఎనిమిదేళ్ళు ఈ గదిలో అందరి చేతా మాట వినిపించుకున్న మనిషి, తన మాట వింటానంటున్నాడు. తప్పని తెలిసి తెలిసీ కోడలు తలాడించింది.

* * *

ఇన్‌స్పెక్టరమ్మ పదకొండుకి రెండు నిమిషాల ముందే వచ్చింది. గుమ్మంలోనే తన టోపీ తను పెట్టుకుని, చేతులు కడుక్కుని, స్టూలు మీద కూర్చుంది. మంచినీళ్ళు వద్దంది. మనిషిలో కోపం లేదు, అలాగని మెతకదనమూ లేదు.

భర్త జేబులోంచి కాగితం తీయబోయాడు. ఈలోపే పెద్దాయన ముందుకొచ్చాడు.

"అంకెలు నేనే వేశానమ్మా. కోడలికి సంబంధం లేదు. ముందే సంతకాలు పెట్టడం వరకే ఆమె తప్పు."

"నాన్నా!" అన్నాడు భర్త. మొహం పాలిపోయింది. ఆ వెంటనే భార్య వైపు తిరిగి చూశాడు. ఆ చూపులో ఏముందో కోడలికి తెలుసు. రాత్రికి దాని సంగతి వింటుంది.

ఇన్‌స్పెక్టరమ్మ రాసుకుంది. "ఆదివారం దాకా ఎందుకు వేశారు?"

"బద్ధకం. ఇంకేం లేదు. ఎంత జరిమానా అయినా కడతాం."

"సరే. వాంగ్మూలం రాసి సంతకం పెట్టండి." కోడలి వైపు తిరిగింది. "ఇక నుంచి థర్మామీటర్ వాడాలి మీరు. సరిగ్గా చూపిస్తోందో లేదో పరీక్ష చేయడం వచ్చా?"

"వచ్చండీ. మరిగే నీళ్ళల్లో ఒకసారి, ఐసు నీళ్ళల్లో ఒకసారి."

"చేసి చూపించండి."

కోడలు పెద్ద స్టీలు గిన్నెలో కుళాయి నీళ్ళు పట్టి, మూత పెట్టి, కరెంటు పొయ్యి మీద పెట్టింది. గుండె తేలికపడింది. ఇంకో పావుగంట గడిస్తే అయిపోతుంది. చిన్న ఫ్రిజ్‌లోంచి ఐసు తీయడానికి వంగింది.

"పెద్దాయనా, మీ బొటనవేలు," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

పెద్దాయన వాంగ్మూలం రాస్తున్నాడు. కాగితం మూల ఎర్రగా తడిసింది. కాగితం సర్దుకుంటుంటే బల్ల మీది కత్తుల్లో ఏదో గీరుకున్నట్టుంది, వేలు పొడుగునా తెగి ఉంది. ఆయన దాన్ని చూసి, "ఓ," అని ఆప్రాన్‌కి తుడుచుకున్నాడు. మళ్ళీ రక్తం ఊరింది.

"ఎప్పుడు తెగింది?"

"ఇప్పుడే... ఇందాకే."

"నొప్పి లేదా?"

"వంటవాళ్ళకి ఇవన్నీ మామూలేనమ్మా."

"మేడమ్, మా నాన్న చేతులంటే మామూలు చేతులు కావు," అని భర్త అందుకున్నాడు. తండ్రి పరువు నిలబెడుతున్నాననే అనుకున్నాడు పాపం. "ఫ్రిజ్ గోడకి చెయ్యి పెట్టి డిగ్రీలు చెప్పేస్తారు. ఒక్కటి కూడా తేడా రాదు. అందుకే మాకు థర్మామీటర్ అవసరం పడలేదు."

కోడలికి ఆ నోరు మూసెయ్యాలనిపించింది. ఇన్‌స్పెక్టరమ్మ కలం ఆగింది.

"ఇందాక చూడకుండా బద్ధకంతో రాశానన్నారు. ఇప్పుడు చెయ్యి పెట్టి చూసేవారంటున్నారు. చెయ్యి పెట్టి చూస్తే గురువారం పదకొండు తెలియలేదా?"

ఆవిడ పెద్దాయన్ని వదిలేసి కోడలి వైపు తిరిగింది.

"అమ్మా, సర్టిఫికెట్ మీది. ఇక్కడ పనిచేసేవాళ్ళ ఆరోగ్యానికి బాధ్యత కూడా మీదే. ఈయన చేతులకి స్పర్శ ఉందా లేదా? మీకు తెలిసి దాస్తే అది రెండేళ్ళతో పోదు. ఆలోచించి చెప్పండి."

కోడలి చేతిలో ఐసు ముక్కలు కరిగి మణికట్టు మీదుగా కారుతున్నాయి. నిజం చెబితే ఇచ్చిన మాట పోతుంది, ఆయన వంటగది పోతుంది. దాస్తే తన పేరున్న ఆ ఒక్క కాగితం ఇక ఎప్పటికీ ఉండదు. ఏది పోయినా పాపం తనకే చుట్టుకునేలా ఉంది.

"ఆమెనెందుకమ్మా అడుగుతారు? నా చేతుల సంగతి నన్నడగండి."

పెద్దాయన రెండంగల్లో పొయ్యి దగ్గరికి వచ్చాడు. ఎవరూ ఆపేలోపే గిన్నెకి అరచెయ్యి ఆనించాడు.

"అబ్బా!" అని గభాలున లాక్కున్నాడు. చెయ్యి విదిలించాడు, నోటితో ఊదుకున్నాడు. "చూశారా? సర్రున కాలింది. స్పర్శ లేనివాడికి కాలుతుందా?"

"నాన్నా, ఏంటిది, చిన్నపిల్లాడిలాగా!" భర్త పరుగున వచ్చి తండ్రి చెయ్యి కుళాయి కింద పెట్టాడు. "మరిగే నీళ్ళ గిన్నె ముట్టుకుంటారా ఎవరైనా?" అని కోప్పడుతూనే అరచెయ్యి మీద ఉఫ్ ఉఫ్‌మని ఊదసాగాడు. అతనికి నిజంగా ఏడుపొచ్చేలా ఉంది.

కోడలు పొయ్యి స్విచ్ వైపు చూసింది. ఇంకా వెయ్యలేదు. ఐసు తీశాక వేద్దామనుకుంది. కుళాయిలోంచి పట్టిన నీళ్ళు పట్టినట్టే ఉన్నాయి ఆ గిన్నెలో.

ఆమె చూపు వెంటే మామగారి చూపు కూడా స్విచ్ మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. ఆయన చెయ్యి కుళాయి కిందే ఉంది, కొడుకు ఇంకా ఊదుతూనే ఉన్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ లేవలేదు, గొంతు పెంచలేదు. రాసుకునే పుస్తకంలో కొత్త పేజీ తిప్పింది.

"నేను అడిగింది మిమ్మల్నేనమ్మా. మీరు చెప్పండి. ఆ గిన్నె వేడిగా ఉందా?"